గబ్బిలము – లద్దెపురుగు: పంచాయతీ తెలిసికొనవలసిన రెండు లెక్కలు

ముంగారు వానలు పడి, వేరుశనగ చేలు పచ్చబడి, పైరు పూతకు వచ్చు దినములలో గోరంట్ల ప్రాంతమున ఒక గ్రామ పంచాయతీ సమావేశమునకు రెండు అర్జీలు వచ్చినవనుకొందము. మొదటిది రైతులు పెట్టుకొన్నది: "లద్దెపురుగు ఆకును జల్లెడ చేయుచున్నది. మందు చల్లినను తగ్గుట లేదు. పంచాయతీ వారు ఏదైన ఉపాయము చూడవలెను." రెండవది ఆలయ సంఘము వారిది: "గుడిలోని చీకటి గదిలో గబ్బిలములు చేరి దుర్వాసన కొట్టుచున్నది. పొగ వేసి వానిని వెడలగొట్టుటకు అనుమతి నీయవలెను."

ఈ రెండు అర్జీలకును సంబంధమేమియు లేదని సభ్యులకు తోచుట సహజము. ఒకటి పొలమునకు చెందినది, రెండవది గుడికి చెందినది. కాని లద్దెపురుగునకు తల్లియైన రెక్కల పురుగును, గుడిలోని గబ్బిలమును ఒకే రాత్రి, ఒకే పొలముపై ఎగురునట్టివి. ఒకటి ఆహారము, మరియొకటి దానిని తిను ప్రాణి. అందువలన ఒక అర్జీపై చేసిన తీర్మానము రెండవ అర్జీపై ప్రభావము చూపును. ఈ రెండు ప్రాణులను ప్రక్క ప్రక్కన నిలిపి పరిశీలించినచో పంచాయతీ ఏమి చేయవలెనో, ఏమి చేయరాదో తేటపడును.

పోల్చదలచిన రెండు జాతులు

గబ్బిలములలో అనేక జాతులు కలవు. చింతచెట్లకును మర్రిచెట్లకును పగటివేళ తలక్రిందులుగ వ్రేలాడు పెద్ద గబ్బిలములు పండ్లు, పూదేనె తినునట్టివి. అవి పురుగులను పట్టవు. ఇచ్చట మనము చెప్పుకొనునది వేరొక జాతి. పాత దేవాలయముల చీకటి గదులు, కోటల సొరంగములు, కొండగుహలు, వాడుకలో లేని కట్టడములు దీనికి నివాసములు. శాస్త్రజ్ఞులు దీనిని హిప్పోసిడెరోస్ స్పియోరిస్ అందురు. ముక్కుపై ఆకువంటి చర్మపు మడత యుండుటచే మనము దీనిని ఆకుముక్కు గబ్బిలము అని పిలువవచ్చును. దీని బరువు సుమారు 10 గ్రాములు మాత్రమే. ఇది భారతదేశమునందును శ్రీలంకయందును మాత్రమే నివసించు జాతి. దక్షిణాదిన విస్తారముగా కానవచ్చును.

రెండవది పొగాకు లద్దెపురుగు. దీని శాస్త్రనామము స్పోడోప్టెరా లిట్యూరా. పేరులో పొగాకు ఉన్నను ఇది వేరుశనగ, ఆముదము, ప్రత్తి, మిరప, ప్రొద్దుతిరుగుడు, క్యాబేజి మొదలగు పెక్కు పైరులను ఆశించును. రైతు కంటబడునది దీని లద్దె రూపము. రెక్కలు వచ్చిన తరువాత దీని ముందు రెక్కలు గోధుమ వన్నెతో, వానిపై అడ్డదిడ్డముగ లేతరంగు గీతలతో నుండును. వెనుక రెక్కలు తెల్లనివి. వీధిదీపము చుట్టును తిరుగు ఈ రెక్కల పురుగును జూచి అది తన చేనిలోని లద్దెకు తల్లియని తలంచువారు తక్కువ.

పోలికలు, భేదములు

రెండును రాత్రించరములు. రెండును పగలు చీకటి తావున దాగి, ప్రొద్దు గ్రుంకిన పిదప బయలుదేరును. ఇంతటితో పోలిక చాలవరకు ముగిసినట్లే.

గబ్బిలము పక్షి కాదు. అది గుడ్లు పెట్టదు. పిల్లను కని పాలిచ్చును. శరీరము రోమములతో కప్పబడి యుండును. దాని రెక్క యనునది నిజమునకు దాని చేయి. చేతివ్రేళ్ల ఎముకలు మిక్కిలి పొడవుగ సాగి, వాని నడుమ పలుచని చర్మము పరచుకొని రెక్కయైనది. పాలిచ్చు జంతువులలో నిజముగా రెక్కలాడించి ఎగురగలది గబ్బిలము ఒక్కటే.

రెక్కల పురుగునకు ఎముకలు లేవు. దాని రెక్కలు పలుచని పొరలు; వానిపై పొడివంటి పొలుసులు అంటియుండును. దాని జీవితము నాలుగు దశలుగా నడచును: గుడ్డు, లద్దె, నిద్రావస్థలో నుండు ప్యూపా, రెక్కల పురుగు. పైరును తినునది లద్దె దశ మాత్రమే. రెక్కల పురుగునకు ఆకును కొరుకు నోరు లేదు. అది పూలలోని తేనెను పీల్చి బ్రతుకును. అయినను రానున్న నష్టమంతయు దాని కడుపులోని గుడ్లయందే యున్నది. ఈ సంగతి ముఖ్యము. గబ్బిలము ఆకుపై ప్రాకు లద్దెను తొలగింపదు. గుడ్లు పెట్టబోవు తల్లిని గాలిలోనే పట్టుకొనును.

చీకటిలో వినికిడి

గబ్బిలమునకు కన్నులు కనబడవని మనవారిలో ఒక నమ్మకము కలదు. ఇది సరికాదు. దానికి చూపు కలదు. అయినను చీకటిలో అది వేటాడునది ప్రధానముగా చెవితోనే. ఇటలీ దేశపు శాస్త్రజ్ఞుడు స్పల్లాంజానీ 1790 దశకమున గబ్బిలముల కన్నులు మూసినను అవి అడ్డంకులను తప్పించుకొని ఎగురుట గమనించి ఆశ్చర్యపడెను. చెవులు మూసినప్పుడు మాత్రము అవి దారి తప్పెను. కారణము తెలియుటకు ఒకటిన్నర శతాబ్ద కాలము పట్టినది. అమెరికాలో డొనాల్డ్ గ్రిఫిన్ అను శాస్త్రజ్ఞుడు 1938 మొదలు జరిపిన పరిశోధనలలో గబ్బిలములు మానవుని చెవికి అందని హెచ్చు స్థాయి కూతలు కూయుచు, అవి వస్తువులకు తగిలి వచ్చు ప్రతిధ్వనిని బట్టి దారిని, ఆహారమును గుర్తించుచున్నవని తేలినది.

మానవుని చెవి సెకనుకు 20,000 కంపనముల వరకు గల ధ్వనిని మాత్రమే గ్రహింపగలదు. ఆకుముక్కు గబ్బిలపు కూత సెకనుకు సుమారు 1,30,000 కంపనములు కలది. కనుకనే వందలాది గబ్బిలములు మన తలపై కూయుచు పోవుచున్నను రాత్రి నిశ్శబ్దముగ తోచును. ఈ జాతి నోటితో గాక ముక్కుతో కూయును. ముక్కుపైనున్న ఆకువంటి మడత ఆ ధ్వనిని ఒక దిక్కునకు కూర్చి పంపుటకు తోడ్పడును. చేతిదీపమునకు వెనుకనుండు అద్దము వెలుతురును ముందుకు త్రిప్పునట్లే ఇది ధ్వనిని త్రిప్పును.

రెక్కల పురుగు కూడ ఊరకుండలేదు. దాని రొమ్ము వెనుక భాగమున ఇరుప్రక్కల ఒక్కొక్క చిన్న చెవి కలదు. ఒక్కొక్క చెవిలో ధ్వనిని గ్రహించు నరకణములు రెండు మాత్రమే. ఈ రెండు కణములే దాని ప్రాణరక్షణకు చాలుచున్నవి. ఇట్టి రెక్కల పురుగుల చెవులను కెనెత్ రోడర్, ఆషర్ ట్రీట్ అను అమెరికా శాస్త్రజ్ఞులు 1950 దశకమున వివరముగ పరిశీలించిరి. గబ్బిలపు కూత దూరమున సన్నగ వినబడినచో పురుగు ఆ దిక్కును విడిచి మరలిపోవును. కూత దగ్గరనే బిగ్గరగ వినబడినచో రెక్కలు ముడిచి నేలకు పడిపోవును, లేదా మెలికలు తిరుగుచు క్రిందికి దూకును.

అయితే ఈ చెవులు బాగుగ పనిచేయునది సెకనుకు 20,000 నుండి 50,000 కంపనముల మధ్యనే. ఆకుముక్కు గబ్బిలపు కూత అంతకు మించిన స్థాయిలో నుండును గనుక పురుగు దానిని ఆలస్యముగ, మిక్కిలి చేరువకు వచ్చిన పిదప గాని గుర్తింపలేదని శాస్త్రజ్ఞులు వివరింతురు. పంటచేలపై ఒకే జాతి గాక పలు జాతుల గబ్బిలములు వేటాడుట మేలనుటకు ఇదియొక కారణము.

లద్దెపురుగు జాతిలో మరియొక విశేషము కలదు. మగ పురుగు ఆడ పురుగును సమీపించినప్పుడు మిక్కిలి సన్నని ధ్వనిని చేయును. జపాను పరిశోధకులు 2010లో ప్రకటించిన దాని ప్రకారము, ఆడ పురుగు ఆ ధ్వనికిని గబ్బిలపు కూతకును భేదమెరుగదు. గబ్బిలము వచ్చినదని భయపడి కదలక నిలిచిపోవును. మగ పురుగు ఆ అదను చూచి జతకూడును. గబ్బిలపు భయము ఈ జాతి బ్రతుకులో ఎంత లోతుగ నాటుకొన్నదో దీనిచే గ్రహింపవచ్చును.

సంతానపు లెక్క

ఇక పంచాయతీ సభ్యులు ముఖ్యముగ గమనింపవలసినది ఈ రెంటి సంతానపు లెక్క. ఈ వ్యాసమునకు సారమంతయు ఇందులోనే యున్నది.

లద్దెపురుగు తల్లి ఆకు అడుగున కుప్పలు కుప్పలుగ గుడ్లు పెట్టి వానిని తన శరీరపు గోధుమరంగు నూగుతో కప్పును. ఒక్కొక్క కుప్పలో సాధారణముగా 200 నుండి 300 గుడ్లుండును. ఒక తల్లి పెట్టు గుడ్లు 1,000కి పైబడి, అనుకూల పరిస్థితులలో 2,000 వరకు నుండవచ్చును. మూడు నాలుగు దినములలో గుడ్లు పొదుగును. రమారమి 30 నుండి 40 దినములలో తరము ముగిసి క్రొత్త రెక్కల పురుగు వెలువడును. అది బ్రతుకునది వారము పది దినములు మాత్రమే.

లెక్క కొరకు ఒక తల్లి 1,000 గుడ్లు పెట్టినదనుకొందము. అందు నూటికి 10 మాత్రమే బ్రతికి రెక్కల పురుగులైనవనుకొందము. అవి 100. అందు సగము ఆడవి, అనగా 50. ఇవి ఒక్కొక్కటి మరల 100 చొప్పున నిలుపుకొన్నచో రెండవ తరమునకు 5,000. మూడవ తరమునకు 2,50,000. ఇదంతయు ఒక పంటకాలపు వ్యవధిలోపలనే. ఎండ, వాన, శత్రుకీటకములు, పక్షులు, తెగుళ్లు నిత్యము ఈ సంఖ్యను తగ్గించుచుండుటచేతనే లోకమంతయు లద్దెపురుగులతో నిండిపోక నిలిచియున్నది.

గబ్బిలపు లెక్క దీనికి పూర్తిగ విరుద్ధము. ఆకుముక్కు గబ్బిలము ఒక కాన్పునకు ఒక్క పిల్లనే కనును. సాధారణముగా సంవత్సరమునకు ఒక్క కాన్పే. దాని గర్భధారణ నాలుగు నెలలకు మించి యుండును. పుట్టిన పిల్ల ఎగురజాలదు. తల్లిని అంటిపెట్టుకొని యుండును. తల్లి పొత్తికడుపు దిగువన పాలు రాని చనుమొనల వంటి రెండు బొడిపెలుండును. పిల్ల వానిని నోట పట్టుకొని వ్రేలాడును. పాలు త్రాగుటకు మాత్రము రొమ్మునకు చేరును. ఇట్లు పెంచిన పిల్లలలో కొన్ని మొదటి యేటనే చనిపోవును. మిగిలినవి చాలకాలము జీవించును. చిన్న గబ్బిలములలో పెక్కు జాతులు పది సంవత్సరములకు మించి బ్రతుకునని గమనింపబడినది. అల్పాయుస్సుతో అధిక సంతానమును కను పురుగువలె గాక, దీర్ఘాయుస్సుతో కొద్దిపాటి సంతానమును పెంచుట గబ్బిలపు పద్ధతి.

ఒక గుడిలో 400 గబ్బిలములు కలవనుకొందము. అందు 200 ఆడవి. ఒక సాయంకాలము గదిలో పొగవేసి ద్వారము మూసినచో సగము చచ్చును. మిగిలిన 100 తల్లులు వచ్చు సంవత్సరమున కనగలిగినది ఎక్కువలో ఎక్కువ 100 పిల్లలను. అందు కొన్ని చావగా, పూర్వపు సంఖ్య నిలువుటకు ఏండ్లు పట్టును. బెదరి తావు విడిచిపోయినచో అవి మరల వచ్చునని నమ్మకము లేదు. లద్దెపురుగు తన నష్టమును ఒక నెలలో పూరించుకొనును. గబ్బిలము తన నష్టమును పూరించుకొనుటకు మన పంచాయతీ పదవీకాలము చాలదు.

గబ్బిలము తిను మేత

పురుగులను తిను చిన్న గబ్బిలములు సాధారణముగా ఒక రాత్రిలో తమ బరువులో నాల్గవ వంతు నుండి సగము వరకు పురుగులను తినును. పాలిచ్చు తల్లులు అంతకన్నను అధికముగ తినును. తక్కువలో తక్కువ లెక్క వేసినను, 10 గ్రాముల గబ్బిలము రాత్రికి రెండున్నర గ్రాములు తినును. 400 గబ్బిలములు కలసి ఒక్క రాత్రికి ఒక కిలో పురుగులు. ఆకుముక్కు గబ్బిలపు ఆహారములో పెంకుపురుగులు, రెక్కల పురుగులు, ఉసిళ్లు, ఈగల జాతులు కలవు.

అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రమున ఈ విషయమును పొలములోనే పరీక్షించిరి. మొక్కజొన్న చేలలో కొన్ని మళ్లను రాత్రివేళ మాత్రము వలలతో కప్పి గబ్బిలములు రాకుండ చేసిరి. పురుగులకు మాత్రము వలలో ప్రవేశము కలదు. వల కప్పిన మళ్లలో కంకులను తొలుచు లద్దెలు తక్కిన మళ్లలో కంటె దాదాపు 60 శాతము అధికముగ నుండెను. ఈ ఫలితములు 2015లో ప్రకటింపబడినవి. ఆ లద్దె మన శనగపచ్చ పురుగునకు దగ్గర చుట్టము.

ఆ దేశముననే 2006 నుండి ఒక బూజు తెగులు ప్రబలి లక్షలాది గబ్బిలములు మరణించినవి. గబ్బిలములు పోయిన జిల్లాలలో రైతులు పురుగుమందుల వాడుకను సగటున 31 శాతము పెంచిరని 2024లో ప్రకటింపబడిన ఒక పరిశోధన తెలిపినది. గబ్బిలము ఉచితముగ చేయుచుండిన పనికి రైతు రొక్కము చెల్లింపవలసి వచ్చినదన్నమాట.

మన ప్రాంతమునకు ఈ సంగతి మరింత ముఖ్యము. పూర్వపు అనంతపురం జిల్లాలో ఏటి సగటు వర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. గోరంట్ల మండలము 2022 ఏప్రిల్ 4 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినను మేఘములు మారలేదు. వానను నమ్ముకొని వేరుశనగ వేయు రైతునకు పంట చేతికి వచ్చువరకు లాభము నిశ్చయము కాదు. పురుగుమందుపై పెట్టిన ప్రతి రూపాయి వాన మొగము చాటు చేసిన యేడు అప్పుగా మిగులును. పైగా లద్దెపురుగు పలు రకముల మందులకు తట్టుకొను శక్తి సంపాదించినట్లు ఆంధ్రదేశమున 1990 దశకముననే నిరూపింపబడినది. మందు పెంచిన కొలది ఖర్చు పెరుగునే గాని ఫలము ఆ మేరకు పెరుగుట లేదు.

ఇచ్చట ఒక హెచ్చరిక చేయుట అవసరము. గబ్బిలము లద్దెపురుగును నిర్మూలింపజాలదు. దానికి ఇది పగపురుగు, ఇది మిత్రపురుగు అను వివేచన లేదు, చిక్కినదానిని తినును. మన ప్రాంతమున తొలివానలకు నేలలోనుండి వెలువడు ఎర్ర గొంగళి పురుగు చేరిన కుటుంబములో అనేక జాతులు చేదు రుచి కలవి. వానిలో కొన్ని గబ్బిలమునకు ఆ సంగతి తెలియునట్లు టకటక ధ్వనులు కూడ చేయును. కావున గబ్బిలమున్నది గదా యని రైతు చేతులు కట్టుకొని కూర్చుండరాదు. గబ్బిలము రైతునకు తోడు మాత్రమే. పని రైతు చేయవలసినదే.

మొదటి అర్జీ: లద్దెపురుగు విషయమున చేయవలసినది

లద్దెపురుగు బలము దాని సంఖ్యలో నున్నది. అది ఒక్కొక్క చేనుతో ఆగునది కాదు. రెక్కల పురుగు గట్లు, సరిహద్దులు ఎరుగదు. ఒకరు నివారించి ప్రక్కవారు ఊరకున్నచో ఫలముండదు. కనుకనే ఇది పంచాయతీ పూనుకొనవలసిన పని.

వేసవిలో లోతు దుక్కులు దున్నినచో నేలలోని ప్యూపాలు పైకి వచ్చి ఎండకును పక్షులకును బలియగును. వేరుశనగ చేని గట్ల వెంట ఆముదము వేసినచో తల్లి పురుగు ఆ వెడల్పాటి ఆకులపై గుడ్లు పెట్టుటకు ఇష్టపడును. ఆ ఆకులను వెదకి గుడ్ల కుప్పలను ఏరి నాశనము చేయుట సులభము. పొదిగిన పిల్ల లద్దెలు మొదటి కొద్ది దినములు గుంపుగ నొకే ఆకుపై నుండి దానిని పచ్చదనము లేని వలవలె చేయును. అట్టి ఆకును త్రుంచినచో వందలాది లద్దెలు ఒక్క చేతితో పోవును. ఈ పనికి మందు అక్కరలేదు. కన్ను, ఓపిక చాలును.

ఎకరమునకు నాలుగు చొప్పున లింగాకర్షక బుట్టలు పెట్టి, వానిలోని ఎరను నెలకొకసారి మార్చినచో మగ పురుగులు వానిలో పడును. ఏ వారము ఎన్ని పడినవో వ్రాసికొన్నచో పురుగు ఉధృతి ముందుగనే తెలియును. లద్దె పెద్దదైన పిదప పగలు నేల నెర్రెలలో దాగి రాత్రి వచ్చి తినును గనుక ఏ చర్యయైనను చిన్న దశలో, సాయంకాల వేళ తీసికొనుట మేలు. లద్దెకు రోగము కలిగించు ఎన్.పి.వి. ద్రావణము, వేపగింజల కషాయము మొదలగు వానిని గురించి, తప్పనిసరియైనచో వాడదగిన మందును గురించి రైతు సేవా సిబ్బందిని, కదిరిలోని వ్యవసాయ పరిశోధనా స్థానము వారిని సంప్రదింపవచ్చును.

రెండవ అర్జీ: గబ్బిలముల విషయమున చేయవలసినది

ఆలయ సంఘము వారి కష్టము కల్పితము కాదు. దుర్వాసన, రెట్ట, గోడలపై మరకలు నిజమే. గోరంట్ల మాధవరాయస్వామి ఆలయము వంటి విజయనగర కాలపు శిల్పసంపద గల ప్రాంతమిది. శిల్పములను కాపాడుకొనవలెననుట న్యాయమే. అయితే గబ్బిలములను చంపకయే ఈ కష్టమును తీర్చుకొనవచ్చును.

మొదటిది, పొగ వేయుట, మంట పెట్టుట, ద్వారము మూసి ఊపిరాడకుండ చేయుట ఎన్నడును కూడదు. రెండవది, పూజ జరుగు తావును, గబ్బిలములుండు తావును వేరుపరచవచ్చును. భక్తులు పోని చీకటి గది యొకటి వానికి విడిచి, తక్కిన చోట్ల గాలి వెలుతురు వచ్చునట్లు చేసినచో అవి క్రమముగ వెలుతురు తావును విడుచును. మూడవది, మరమ్మతు తప్పనిసరియైనచో తల్లులు పిల్లలతో నున్న కాలమును విడిచి, అటవీశాఖ వారి సలహాతో, రాత్రి గబ్బిలములు బయటకు పోయిన పిదప కొంచెము కొంచెముగ రంధ్రములు మూయవలెను. తల్లులు వెలుపల చిక్కి పిల్లలు లోపల చిక్కినచో పిల్లలన్నియు ఆకలితో చచ్చి, దుర్వాసన పూర్వము కంటె పదింతలగును. నాల్గవది, పంచాయతీ వీధిదీపములను గబ్బిలములు వెడలు ద్వారమునకు ఎదురుగ పెట్టరాదు. ఈ జాతి వెలుతురును తప్పించుకొని తిరుగునది.

రెట్ట మంచి ఎరువు. దానిలో నత్రజని, భాస్వరము అధికము. అయితే పొడిగానున్న రెట్టను చిమ్మినచో ఆ ధూళి ఊపిరితిత్తులకు హాని చేయవచ్చును. ముందుగ నీరు చల్లి తడిపి, ముక్కు నోటికి గుడ్డ కట్టుకొని, చేతులకు తొడుగులు వేసికొని ఎత్తవలెను.

ఆరోగ్య విషయమున భయము వలదు, అజాగ్రత్తయు వలదు. 2018లో కేరళలోని కోజికోడ్ ప్రాంతమున ప్రబలిన నిపా వ్యాధికారక క్రిమికి సహజ నిలయము చెట్లపై వ్రేలాడు పెద్ద పండ్ల గబ్బిలములు. గుడిలోని ఆకుముక్కు గబ్బిలములు కావు. అయినను ఏ జాతి గబ్బిలమునైనను ఉత్త చేతులతో పట్టరాదు. క్రింద పడిన దానిని పిల్లలు ముట్టకుండ చూడవలెను. కరచినచో గాయమును సబ్బుతో బాగుగ కడిగి వెంటనే వైద్యుని చూడవలెను. గబ్బిలము కొరికిన పండ్లను తినరాదు. ఈ జాగ్రత్తలు పాటించినచో ఊరు విడిచి గబ్బిలమును తరుమవలసిన పని లేదు. చెట్టును నరికి, గుంపును చెదరగొట్టి వానిని బెదరించుటచే మనుష్యులకు చేరువగ క్రొత్త తావులకు పోవు ప్రమాదమే ఎక్కువ.

చట్టము విషయము కూడ సభ్యులు తెలిసికొనవలెను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టములో పండ్ల గబ్బిలములు చాలకాలము హానికర జంతువుల పట్టికలో నుండెను. 2022 సవరణచే ఆ పట్టికయే తొలగింపబడి, 2023 ఏప్రిల్ 1 నుండి సవరణ అమలులోనికి వచ్చినది. గబ్బిలమును చంపుట అందరికిని చెల్లునను పాత తలంపును ఇక విడువవలెను.

ఒకే తీర్మానము

గబ్బిలము ఇంట దూరినచో అరిష్టమని మన పెద్దలు కొందరు తలచిరి. కాని మన సాహిత్యమున దానికి గౌరవము కూడ లభించినది. గుర్రం జాషువా 1941లో తన కావ్యమునకు "గబ్బిలము" అని పేరు పెట్టి, గుడిలోనికి రానీయబడని ఒక నిరుపేద తన మొరను శివునకు చేర్చుటకు గబ్బిలమును దూతగ పంపినట్లు వ్రాసెను. గుడిలో తలదాచుకొనుటకు ఎవరి అనుమతియు అడుగని ఆ ప్రాణి నేడు ఆ చుట్టుప్రక్కల పేదరైతు పొలమునకు కావలి కాయుచున్నదని చెప్పుట అతిశయోక్తి కాదు.

కావున ఆ రెండు అర్జీలను వేర్వేరు కాగితములుగ చూడక, ఒకే తీర్మానముగ చేయుట పంచాయతీకి ఉచితము. గ్రామములోని పాత గుళ్లు, పాడుబడిన బావులు, గుహలలో ఎచ్చట గబ్బిలములు కలవో ఒక జాబితా వ్రాయించి, వానిని కదిలింపకుండ చూచు బాధ్యతను ఒక సభ్యునకు అప్పగింపవచ్చును. అదే తీర్మానములో వేసవి దుక్కులు, గట్లపై ఆముదము, లింగాకర్షక బుట్టలు ఊరంతయు ఒకే వారములో చేపట్టుటకు నిర్ణయింపవచ్చును. గ్రామసభలో ఈ రెండు లెక్కలను పలకపై వ్రాసి చూపినచో, ఒక నెలలో 50 రెట్లు పెరుగు పురుగునకును, ఏడాదికి ఒక్క పిల్లను కను గబ్బిలమునకును గల భేదము చదువురాని వారికిని అర్థమగును.

పురుగు విషయమున మనము ఆలస్యము చేయరాదు; గబ్బిలము విషయమున తొందరపడరాదు. ఒక నెల ఏమరినచో లద్దె చేనిని తినును. ఒక్క సాయంకాలము తొందరపడినచో పదేండ్లలో పెరిగిన గుంపు పోవును. ఈ సంగతిని మనసున నుంచుకొని వచ్చు ముంగారునకు ముందుగనే పంచాయతీలు తగు ఏర్పాట్లు చేసికొనవలెను.